కుళాయి కాపలా

బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టిన డోర్కాసమ్మకి గోళ్ళరంగు సీసా దొరికింది. ఎర్రరంగు, సగం అయిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ బొట్టు పెట్టరు, పువ్వు ముడవరు, చేతికి రెండు గాజులు మించితే ప్రార్థనలో ప్రస్తావన వస్తుంది. అలాంటి కొంపలో ఈ సీసా ఏమిటని ఆవిడ కోడలు యూనిస్‌ని వంటింటి గుమ్మంలో నిలబెట్టింది.

"గోళ్ళకి రంగేసుకుని ఎవులికి సూపిత్తావే?"

యూనిస్ చేతులు చాపింది. గోళ్ళకి రంగు లేదు. వేళ్ళ చివర్లకి మాత్రం తుప్పు మరకలు. అత్తగారికి అనుమానం తగ్గకపోగా రెట్టింపయింది.

ఏమని చెప్పాలి? కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో కుళాయి తెల్లవారుజామున మూడుకీ అయిదుకీ మధ్య ఎప్పుడో వస్తుంది. వచ్చిన అరగంటలో మోటారు వేసి డాబా మీది పీపా నింపుకోవాలి. నీళ్ళు రాకముందే వేస్తే మోటారు కాలిపోతుంది. అందుకని ఎవరో ఒకరు కుళాయి దగ్గర కూచుని కాపు కాయాలి. ఆరేళ్ళుగా ఆ ఎవరో ఒకరు యూనిసే. పెళ్ళైన కొత్తలో "నువ్వెలాగూ లెగుత్తావు కదా" అన్నాడు మొగుడు జ్ఞానానందం. ఎలాగూ ఎందుకు లేస్తుందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. నిద్ర చాలక గంజి వారుస్తూ తూలి చెయ్యి కాల్చుకుంది. చీరలు వద్దు, నగలు వద్దు, తెల్లారేదాకా ఒక్క నిద్ర పోతే చాలు ఆమెకి.

జ్ఞానానందం సిగ్నళ్ళ శాఖలో పనిచేస్తాడు. ప్రమోషను పరీక్షకి ఇంగ్లీషు పుస్తకం ఆమెచేత చదివించుకుంటూ గుర్రు పెట్టేవాడు. రెండుసార్లు తప్పాడు. రిలే అంటే ఏమిటో మాత్రం ఆమెకి పట్టుబడింది. చిన్న కరెంటు లోపలి రేకుని లాగితే పెద్ద కరెంటుకి దారి తెరుచుకుంటుంది, అంతే కదా! కుళాయి నీళ్ళు తగలగానే మోటారు దానంతటదే తిరిగేలా చేద్దామని, కరెంటు సామాన్లమ్మే చాందినీ బజారులో రిలేలూ, రాగిరేకు అంటించిన అట్టా కొంది. "దాదా ఏం చేస్తున్నాడు బౌదీ?" అని వదిన వరసతో పలకరించి మొగుడి గురించి అడిగాడు బెంగాలీ కొట్టువాడు. దాదాకే అన్నట్టు తలూపింది. రాగి మీద కరెంటు దారుల్ని గోళ్ళరంగుతో గీసి, మందునీళ్ళలో ముంచితే రంగు లేనిచోట రాగి కరిగిపోతుంది. వేళ్ళ మీది మరకలు ఆ మందువే.

చెబితే ఎవరూ నమ్మలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద దయారత్నంగారిని ఇంటికి పిలిచారు. యూనిస్ మంచం కిందనుంచి అట్ట తీసి, మోటారుకి కలిపి, రెండు తీగల కొసలు చెంబు నీళ్ళలో ముంచింది. టక్కుమంది రిలే. మోటారు తిరిగింది. తీగలు పైకి తీస్తే ఆగింది.

"నానే నేర్పినాను," అన్నాడు జ్ఞానానందం.

"మంచి పనే సేసినావమ్మా. రంగు సంగతి వదిలేద్దాం," అన్నాడు దయారత్నం.

డోర్కాసమ్మ మోటారు వంకే చూస్తోంది. "అయితే రేపటినుంచి ఎవులూ లెగక్కర్నేదా?"

"అక్కర్లేదత్తా. నీళ్ళు రాగానే అదే వేసుకుంటుంది, పీపా నిండగానే అదే ఆపుకుంటుంది."

"మరి నువ్వేటి సేత్తావు?"

"పడుకుంటానత్తా."

"విన్నారా అయ్యా!" అంది డోర్కాసమ్మ. "కోడలు పడుకుంటాదట!" జ్ఞానానందం మొహం కందగడ్డయింది. గోళ్ళరంగుకి దొరికిన క్షమాపణ నిద్రకి దొరకలేదు. అతను తీగలు పీకి, అట్టని బీరువా మీదికి విసిరేశాడు.

"యార్డులో తెలిస్తే నా మొహాన నవ్వుతారు. రేపూ నువ్వే లెగు."

సోమరితనం ఈ ఇల్లు విడిచిపోవాలని దయారత్నం అందర్నీ మోకరించమన్నాడు. యూనిస్ మోకరించి మంచం పట్టెకి నుదురు ఆనించింది. ఎదురు చెప్పే ధైర్యం లేదు, ఏడ్చే ఓపికా లేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆమె కూడా మూసుకుంది. దయారత్నంగారి ప్రార్థన ఎప్పుడూ పొడుగే.

చివరికి ఆమేన్ అన్నాడు. అందరూ అన్నారు. యూనిస్ అనలేదు.

"సూడండయ్యా ఎంత పొగరో!" అని డోర్కాసమ్మ కోడలి భుజం పట్టి కుదిపింది. మోకాళ్ళ మీదున్న యూనిస్, సన్నగా గుర్రు పెడుతూ, ఆవిడ ఒళ్ళోకే ఒరిగిపోయింది.