కల్లం పట్టాల తెర

రెండు చెంచాల మిరప్పొడి ఆఫీసరు గారి ముక్కుకి తగులుతుందేమోనన్న భయంతో బడి ఎగ్జిబిషనులోంచి రెబ్కా బల్లను తీయించింది కామేశ్వరి టీచరే. ఆ మర్నాడే మిరపకాయలు ఎండబోసే పట్టాలు రెండు తెప్పించి, స్టేజికి తెర కట్టించింది కూడా ఆవిడే. తెలివితక్కువ వాళ్ళు చేసే పొరపాట్లు చిన్నవిగా ఉంటాయి. ఇంత పెద్ద పొరపాటు చెయ్యాలంటే బాగా చదువుకుని ఉండాలి.

ఎనభై నాలుగు ఫిబ్రవరి. కొండ్రుపాలెం హైస్కూలు వార్షికోత్సవానికి జిల్లా నుంచి రాధాకృష్ణమూర్తి గారనే విద్యాశాఖ ఆఫీసరు వస్తున్నారు. మూడింటికి పిల్లల సైన్సు ఎగ్జిబిషను చూస్తారు, అయిదింటికి ఆటపాటలు చూస్తారు, పొద్దుగూకేలోగా జీపెక్కి వెళ్ళిపోతారు. ఆయన వచ్చేది పాటలు వినడానికి కాదని బడిలో అందరికీ తెలుసు. పదో తరగతి పబ్లిక్ పరీక్షకు ఈ ఊళ్ళో సెంటరు ఇవ్వాలా వద్దా అన్నది ఆ సాయంత్రం తేల్చేస్తారు.

అప్పటిదాకా పిల్లలు పదిహేను కిలోమీటర్ల అవతలికి బస్సులో వెళ్ళి పరీక్ష రాసేవాళ్ళు. నిరుడు పేరమ్మ అలాగే బయల్దేరింది. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల. మిరపయార్డుకి వెళ్ళే జనంతో కిక్కిరిసిన బస్సు ఊరి దగ్గర ఆగనే లేదు. ఎవరి ఎడ్లబండో పట్టుకుని ఆ పిల్ల వెళ్ళేసరికి నలభై నిమిషాలు దాటిపోయింది. లోపలికి రానివ్వలేదు. వారం తిరక్కుండానే కల్లంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తూ కనిపించింది. "భయపడకండి, నేను చెబుతున్నాగా, పంపించండి" అని పేరమ్మ తల్లిని ఒప్పించింది కామేశ్వరే. ఆ తర్వాత ఏడాదిపాటు ఆవిడ ఆ కల్లం పక్క దారిన నడవలేదు. బడికి చుట్టుతిరిగి వచ్చేది.

ఈ ఏడు పదో తరగతిలో పదకొండుమంది ఆడపిల్లలున్నారు. వాళ్ళలో కరీమున్‌ని అంత దూరం పంపేది లేదని ఇంట్లోవాళ్ళు ముందే చెప్పేశారు. మిగతావాళ్ళ పెద్దలు ఒక్కొక్కరే వచ్చి అదే మాట చెప్పి వెళ్ళారు. చివరికి రెబ్కా తండ్రి తోమా వచ్చి, స్టాఫ్‌రూము గడప అవతలే నిలబడ్డాడు.

"ఇక్కడ పెడితే రాయిస్తానమ్మగారూ. అంత దూరం మాత్రం పంపను. పేరమ్మని చూశాంగా."

కామేశ్వరి తల ఊపి, పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది.

ఆవిడది గుంటూరు బ్రాడీపేట. పన్నెండేళ్ళ కిందట ఈ ఊరు వచ్చిన కొత్తల్లో నెలరోజులపాటు తుమ్ముతూనే పాఠం చెప్పింది. సంక్రాంతి దాటితే చాలు, ఊరి చుట్టూ ఎర్రగా కల్లాలే. గాలి ఎటు వీచినా ఘాటే. టీచరు తుమ్మినప్పుడల్లా పిల్లలు వేళ్ళు లెక్కపెట్టి నవ్వుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత తుమ్ములు తగ్గాయి, ఆ తర్వాత అసలు లేవు. ఆవిడ ముక్కు ఎప్పుడు ఈ ఊరిదైపోయిందో ఆవిడకే తెలీదు.

ఎగ్జిబిషనుకి పద్దెనిమిది బల్లలు సిద్ధమయ్యాయి. సోడాపొడితో పొంగే అగ్నిపర్వతం ఉంది. సైకిలు ట్యూబుతో చేసిన నీళ్ళ పంపు ఉంది. స్కూలు కమిటీ ప్రెసిడెంటు భావనారాయణ గారి మనవడు పొలంలోని పత్తి అంతా బల్ల మీదికెక్కించి హిమాలయాలు కట్టాడు. రెబ్కా పెట్టింది రెండు సీసాలు. ఒకదానిలో నీళ్ళు, ఒకదానిలో నూనె. రెండింట్లోనూ చెంచాడు చొప్పున మిరప్పొడి. నీళ్ళలో పొడి అడుక్కి దిగిపోయింది, నూనె మాత్రం ఎర్రబడింది. పక్కన అట్టమీద గుండ్రటి అక్షరాలతో రాసింది: 'మా అమ్మ చేతులు మండితే నీళ్ళతో కడగదు. నూనె రాసుకుంటుంది. ఎందుకని?'

కారంలోని మంట నీళ్ళలో కరగదనీ, నూనెలో కరుగుతుందనీ ఆ పిల్లకు విప్పి చెప్పింది కామేశ్వరే. ఆ రోజు ఆవిడకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. పాఠం తనంతట తాను నడుచుకుంటూ ఇంటికెళ్ళి, మళ్ళీ బడికొచ్చినట్టు అనిపించింది.

ఉత్సవానికి ముందురోజు భావనారాయణ గారు బల్లలన్నీ చూసుకుంటూ వచ్చి అక్కడ ఆగారు.

"ఇదేందమ్మా, ఆఫీసరొచ్చే చోట కారం పెట్టారు? ఆయనకి దగ్గొచ్చిందనుకో, సెంటరూ లేదు, గింటరూ లేదు. తీయించండి."

తీయించనని అనాల్సింది. అనలేదు. సెంటరు అన్న మాట వినగానే ఆవిడకు పేరమ్మ గుర్తొచ్చేది. రెబ్కాను పిలిచి, "ఇది వంటింటి సంగతిలా ఉందమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అంది. వచ్చే ఏటికి ఆ పిల్ల ఈ బళ్ళో ఉండదని ఆవిడకు తెలుసు. రెబ్కాకూ తెలుసు.

"సరేనండి టీచర్ గారూ" అని, రెబ్కా సీసాలను గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. చేతులకు రాసుకోవడానికి తెచ్చుకున్న మంచినూనె సీసా కూడా అందులోనే వేసుకుంది.

మర్నాడు పొద్దున చూస్తే పాత తెరను ఎలుకలు కొట్టేసి ఉన్నాయి. "మా కల్లంలో మాంచి పట్టాలున్నయ్, పంపిస్తా" అన్నారు భావనారాయణ గారు. దులిపించారా అని కామేశ్వరి అడిగితే, నాలుగుసార్లు దులిపించానన్నారు. ఆయన అబద్ధమాడలేదు. ఆవిడ పట్టా అంచుకి ముక్కు ఆనించి మరీ చూసింది. హెడ్మాస్టరు శేషాచలం గారూ చూశారు. ఎవరికీ ఏ వాసనా రాలేదు. "శుభ్రంగా ఉంది, కట్టండి" అంది కామేశ్వరి.

మూడు కొట్టేసరికి జీపు వచ్చింది. రాధాకృష్ణమూర్తి గారు బక్కపల్చని మనిషి, చేతిలో ఫైలు, నోట్లో మాట తక్కువ. అగ్నిపర్వతాన్ని చూశారు, హిమాలయాలను చూశారు, అన్నిటికీ ఒకేలా తల ఊపారు. ఆ ఊపులో ఏముందో పట్టుకుందామని కామేశ్వరి ఆయన వెనకాలే తిరిగింది.

"లేబరేటరీ ఏదండీ?" అన్నారాయన చివర్న.

శేషాచలం గారు బీరువా తలుపు తీశారు. మూడు పరీక్షనాళికలు, సీసాలో ఒక కప్ప.

"ప్రహరీ గోడ?"

"వేసవిలో మొదలెడతామండి. ఊరివాళ్ళు రాయి తోలిస్తామన్నారు."

"సెంటరంటే మాటలా మాస్టారూ? ఈ ఏటికి కుదరదు. వచ్చే ఏడు చూద్దాం."

వచ్చే ఏడు చూద్దాం. నిన్న కామేశ్వరి రెబ్కాతో అన్నమాటే. బయట వరండాలో తోమా నిలబడి ఉన్నాడు. అతను ఆఫీసరు వంక చూడటం లేదు, ఆవిడ వంకే చూస్తున్నాడు. ఆవిడ చూపు తిప్పుకుంది.

"ఫైలు ఇంకా మూయలేదమ్మా. ఆటపాటలు చూశాక మనసు మారొచ్చు" అని గొణిగారు శేషాచలం గారు. ఆ మాట మీద ఆయనకే నమ్మకం లేదు.

అయిదింటికి జనం నేలంతా నిండారు. ఆఫీసరు గారికి ముందు వరస నడిమి కుర్చీ. ఆడపిల్లలు ప్రార్థనగీతం పాడారు. జనం చప్పట్లు కొట్టారు. అతిథులను స్టేజి మీదికి పిలవడానికి కుర్చీలు సర్దాలని తాడు వదిలేస్తే పట్టాలు రెండూ దబ్బుమని దిగాయి. పెద్దమనుషులకు ఉక్కపోయకూడదని తెప్పించిన పెద్ద ఫ్యాను తెర వెనక అప్పటికే గిర్రున తిరుగుతోంది. తెర ఉబ్బింది, లోపలికి పోయింది, మళ్ళీ ఉబ్బి ముందు వరస మీద తపతపా కొట్టింది.

ఆఫీసరు గారు తుమ్మారు.

జనం పట్టించుకోలేదు. రెండోసారి తుమ్మారు. మూడోసారికి కామేశ్వరి కుర్చీలోంచి సగం లేచింది. పన్నెండేళ్ళ కిందటి తన తుమ్ములు ఆవిడకు గుర్తొచ్చాయి, అప్పుడు పిల్లలు లెక్కపెట్టిన వేళ్ళు గుర్తొచ్చాయి. నాలుగు, అయిదు. తెర వంక చూసింది.

అప్పటికే ఆయనకు దగ్గు తెర మొదలైంది. కళ్ళజోడు తీసి రుమాలుతో కళ్ళు నులుముకున్నారు. ఒళ్ళో ఉన్న ఆ రుమాలు మీద ఎంత దుమ్ము పడిందో ఆయనకేం తెలుసు? అబ్బా అని గట్టిగా అరిచారు. శేషాచలం గారు నీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చారు. నీళ్ళు చల్లుకున్నకొద్దీ మంట చెంపల మీదికీ మెడ మీదికీ పాకింది. వెనక కూర్చున్న ఊరి జనానికి ఒక్కరికీ తుమ్ము రాలేదు. ఈయనకేమైందని మొహమొహాలు చూసుకుంటున్నారు.

"ఫ్యాను ఆపండి! తెర పీకెయ్యండి!" కామేశ్వరి అరిచింది.

ఆడపిల్లల వరసలోంచి రెబ్కా లేచి ఎగ్జిబిషను గదిలోకి పరిగెత్తడం ఆవిడ చూసింది. నిన్నటి గుడ్డసంచిని ఆ పిల్ల పొద్దున మళ్ళీ తెచ్చి ఆ గది మూల పెట్టుకుంది. నిమిషంలో తిరిగొచ్చింది. ఒక చేతిలో నూనె సీసా, ఇంకో చేతిలో గుప్పెడు పత్తి. హిమాలయాల్లో ఒక శిఖరం ఊడివచ్చింది.

భావనారాయణ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఏయ్, నువ్వెక్కడికే? తోమా కూతురివి కదూ? దూరంగా ఉండు."

రెబ్కా ఆగిపోయింది. ఆ 'దూరంగా' అన్న మాట ఎంత పాతదో అక్కడున్న అందరికీ తెలుసు. ఆఫీసరు గారి దగ్గు ఒక్కటే వినిపిస్తోంది. కామేశ్వరికి ప్రెసిడెంటు అంటే భయం. సెంటరు పోతుందన్న భయం అంతకంటే పెద్దది. కానీ నిన్న ఇదే మనిషి మాట విని, ఇదే పిల్లను పక్కకు పంపేసింది. ఆ సిగ్గు ఇప్పుడు భయాన్ని తోసేసి పైకి వచ్చింది.

"ఆ అమ్మాయిని రానివ్వండి" అంది. ఆ మాట వెనకవరస దాకా వినిపించింది. "ప్రెసిడెంటు గారూ, మీరు తప్పుకోండి."

ఆయన తప్పుకున్నారు.

"నీళ్ళు పోసుకోవద్దండి సార్, ఇంకా పాకుద్ది" అంది రెబ్కా. "కళ్ళు గట్టిగా మూసుకోండి. కదలమాకండి." పత్తిని నూనెలో ముంచి రెప్పల మీద, చెంపల మీద, మెడ మీద ఒత్తి తుడిచింది. తుడిచిన పత్తి పారేసి కొత్తది తీసుకుంది. కల్లంలో వాళ్ళమ్మ చేసినట్టే, తొందర లేకుండా చేసింది. కాఫీకని తెచ్చిన పాలు ఆయన చేత రెండు గుక్కలు తాగించింది. కామేశ్వరి గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది. పది నిమిషాలు పట్టిందో ఇంకా ఎక్కువే పట్టిందో, ఆవిడకైతే పూటంతా గడిచినట్టుంది.

చివరికి ఆయన కళ్ళు తెరిచారు. రెబ్కాను చూశారు. ఆమె చేతిలోని సీసాను చూశారు.

"నూనె రాయాలని ఎవరు చెప్పారమ్మా?"

"మా అమ్మ అట్లనే చేసుద్దండి. ఎందుకు తగ్గుద్దో మా టీచరు గారు చెప్పారు. మంట నీళ్ళల్లో కరగదండి, నూనెలో కరుగుద్ది."

"మరి ఇది మధ్యాహ్నం ఎగ్జిబిషనులో పెట్టలేదే?"

రెబ్కా తల దించుకుంది. "చోటు చాల్లేదండీ" అన్నారు శేషాచలం గారు గబగబా. ఆ మాటతో సరిపెట్టేసుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

"కాదండి" అంది కామేశ్వరి. "నేనే తీయించాను. మీకు ఘాటు తగులుతుందని తీయించాను. ఆ పట్టాలు కల్లంలోవి. వాటిని కట్టించిందీ నేనే. నా ముక్కుకి తెలియలేదు."

ఆఫీసరు గారు నేల మీద కుప్పగా పడి ఉన్న తెరను చూశారు, ఆవిడను చూశారు. నవ్వలేదు. రెబ్కా వైపు తిరిగారు.

"ఏప్రిల్లో పరీక్ష ఎక్కడ రాస్తావు?"

"ఇక్కడైతే రాస్తానండి. అక్కడైతే లేదండి."

"అంటే?"

రెబ్కా వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. జనం చివర్న తోమా లేచి నిలబడ్డాడు. "నేనే పంపనన్నా బాబుగారూ" అన్నాడు. "నిరుడు పరీక్షకి పోయిన పిల్ల మా కల్లంలోనే ఉంది. కావాలంటే పిలుస్తా."

ఆఫీసరు గారు ఫైలు తెమ్మన్నారు. ఎర్రబడ్డ కళ్ళకు అక్షరాలు ఆనక, కాగితాన్ని దూరంగా పట్టుకుని రాశారు. రెండు వాక్యాలు రాశారు, ఒకటి కొట్టేశారు, మళ్ళీ రాశారు. కామేశ్వరి ఆ కలం కదలికనే చూస్తూ నిలబడింది. సంతకం పెట్టి ఆయన ఫైలును శేషాచలం గారి చేతిలో పెట్టి, జీపు వైపు నడిచారు. ఆటలు చూడలేదు, పాటలు వినలేదు.

శేషాచలం గారు మొదట మనసులో చదువుకున్నారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, కామేశ్వరికి మాత్రమే వినపడేలా చదివారు. "ఈ ఏప్రిల్ నుంచే సెంటరు. గోడ జూన్లోగా కట్టాలి."

ఆవిడ అక్కడే కూర్చుండిపోయింది. ఏడుపు వచ్చేసింది. ఘాటు వల్లనే అనుకున్నారు అందరూ. మొదట గుర్తొచ్చింది పేరమ్మే. ఆ పిల్ల పరీక్ష ఫీజు ఇప్పుడైనా కట్టించొచ్చా, ఇంకా గడువుందా అని లెక్క వేసుకుంది. రేపు పొద్దున కల్లం దారినే బడికి రావాలనుకుంది.

జనం లేచి వెళ్ళిపోతున్నారు. రెబ్కా గుడ్డసంచి భుజాన వేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"టీచర్ గారూ, ఇంకా వెలుగుందండి. ఎగ్జిబిషను గది తాళం వెయ్యలేదు. నా సీసాలు పెట్టుకోవచ్చాండి?"

కామేశ్వరి లేచి ఆ పిల్ల వెంట గదిలోకి వెళ్ళింది. రెండు చేతులా పట్టి, శిఖరం పోయిన హిమాలయాలను బల్ల చివరికి జరిపింది.