హసీనా రంగు

మా మేడం చెడ్డది కాదు. ఆ మాట ముందే చెబుతున్నా. లేకపోతే తప్పంతా ఆమె నెత్తిన వేసి మీరు చేతులు దులుపుకుంటారు.

తొంభై ఆరులో దోహాలో ఆమె ఇంట్లో నేను డ్రైవర్ని, హసీనా పనిమనిషి. ఇద్దరిదీ రాయచోటి వైపే. అక్కడి ఇళ్ళలో పని పంచేది ఒంటి రంగు. తెల్లటి పిల్లయితే ఇంటికొచ్చిన ఆడవాళ్ళకు కాఫీ పోస్తుంది, నల్లటిదైతే బాత్రూములు కడుగుతుంది. ఎవరూ అలా అని చెప్పరు, జరిగిపోతుందంతే. హసీనా నలుపు. తలుపు వేసుకుని, బ్లీచింగ్ నీళ్ళలో యాసిడ్ కలిపి రుద్దేది. రెండూ కలిపితేనే మరక పోతుందని పనివాళ్ళందరి నమ్మకం. ఆ పొగకి దగ్గు పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఇంతలో కాఫీ పోసే ఫిలిప్పీన్ అమ్మాయి తన దేశం వెళ్ళిపోయింది. హసీనా అల్ దోహా అల్ జదీదా బజారుకు పోయి ముఖం తెల్లబడే క్రీము కొనుక్కొచ్చింది.

"ఈ సోకులు నీకెందుకు చెల్లీ?" అన్నాను.

"సోకు కాదన్నా, ఆ పొగలో ఊపిరాడ్డంల్యా" అంది.

ముఖం నిజంగానే తెల్లబడింది. మేడం ఒకరోజు తేరిపార చూసి కాఫీ పళ్ళెం చేతికిచ్చింది. దగ్గు తగ్గింది. నాకూ సంతోషమే వేసింది.

తర్వాత కాళ్ళు వాచాయి. పొద్దున లేస్తే కళ్ళు తెరుచుకునేవి కావు. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఆమె తెల్లటి ముఖాన్నీ నల్లటి చేతుల్నీ మార్చి మార్చి చూసి, క్రీము తెమ్మన్నాడు. అందులో పాదరసం ఉందట. కిడ్నీలు పాడవుతున్నాయని, ఇవాళే ఆపాలని హిందీలో గట్టిగా చెప్పాడు.

కారులో హసీనా ఏడవలేదు. "ఆపితే మళ్ళా నల్లగైతా గదన్నా" అంది.

"ఐతే ఏమైతాది? పానమన్నా ఉంటాది."

"యాడుంటాది? ఆ పొగలోనా?"

నాకు ఒళ్ళు మండింది. ఎవర్ని తిట్టాలో తెలియలేదు.

మేడంకు నేనే చెప్పాను, వచ్చీరాని అరబ్బీలో. క్రీముతో కిడ్నీలు పోతున్నాయని, బాత్రూము పొగతో ఊపిరాడటం లేదని. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దేవుడిచ్చిన రంగు మార్చుకోకూడదని హసీనాకు బుద్ధి చెప్పి, క్రీము తానే పారేసింది. మందులు కొనిపెట్టింది. ఒళ్ళు కుదుటపడేదాకా బరువు పని చెప్పలేదు.

వాపు దిగింది, రంగు తిరిగొచ్చింది. కాఫీ పోయడానికి కొత్తమ్మాయి వచ్చింది, తెల్లగా.

ఆ మర్నాడే మేడం హసీనాను పిలిచి, ప్రేమగా రబ్బరు గ్లౌజులు చేతిలో పెట్టింది. చేతులకు సరే, ఊపిరికి ఏమిటని అడగబోయాను.

"వద్దులేన్నా, మంచామె" అని హసీనా బకెట్టు తీసుకుని బాత్రూములోకి పోయింది.