దాహం వెయ్యని ఆడవాళ్ళు

పొద్దున నిండుగా తెచ్చిన నీళ్ళ సీసాలు సాయంత్రం నిండుగానే ఇంటికి తిరిగిపోవడం మీరెక్కడైనా చూశారా? అదీ నడివేసవిలో, రేకుల కప్పు కింద, ఇస్త్రీ పెట్టెలు సెగలు కక్కే కుట్టుపని షెడ్డులో! మీరు తొడుక్కున్న చొక్కా అలాంటి చోట తయారైందే కావచ్చు. అందుకే చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా వినండి.

ఆ షెడ్డులో మిషన్ల మీద కూర్చునేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళకు మరుగుదొడ్డి ఒకటుంది, దానికో తాళం ఉంది. తాళంచెవి యజమాని గదిలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. అవసరమైనవాళ్ళు అందరూ చూస్తుండగా లేచి, ఆ గదిలో మగవాళ్ళ మధ్య నిలబడి అడగాలి. "మళ్ళీనా?" అంటాడు యజమాని. అంతకుమించి ఒక్క మాట అనడు, పెద్దమనిషి! ఆ ఒక్క మాట చాలదూ, సిగ్గుతో చితికిపోవడానికి? అందుకని ఆ ఆడవాళ్ళు ఇంటి దగ్గరే గుక్కెడు తాగి వచ్చేవారు. మళ్ళీ ఇల్లు చేరేదాకా నీళ్ళ జోలికి పోయేవారు కాదు.

ఈ విద్యలో ఆరితేరినావిడ కాలర్లు కుట్టే పెద్దావిడ. ఆవిడను అందరూ 'ఒంటె అత్త' అనేవారు. ఆ పేరుకు ఆవిడ కోపగించుకోకపోగా లోలోపల మురిసిపోయేది. ఆ వేసవిలో కొత్త కోడల్ని కూడా పనిలో చేర్పించి తన పక్క మిషన్ మీద కూర్చోబెట్టుకుంది.

"అత్తయ్యా, నాలుక అంగిట్లో అంటుకుపోతోంది" అంది కోడలు మొదటిరోజే.

"లవంగం బుగ్గన పెట్టుకో. మొదట్లో అందరికీ ఇంతే. అస్తమానం లేచి ఆ గదిలోకి పోతుంటే ఏం బాగుంటుంది చెప్పు?"

"ఒంటె పక్కన పిల్ల ఒంటె చేరిందర్రోయ్!" అని గుండీలు కుట్టే ఆమె అరిచింది. షెడ్డంతా గొల్లున నవ్వింది, కోడలు కూడా నవ్వింది.

నెలల తరబడి చినుకు లేదు. ఆకాశం వెలిసిపోయిన గుడ్డలా ఉంది. రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. ఆ రోజు కుట్టవలసింది సన్నబట్ట. గాలికి ఎగిరి కుట్టు వంకరపోతుందని యజమాని ఫ్యాన్లు ఆపించాడు. సాయంత్రానికి సరుకు లారీ ఎక్కాలి. ఎవరూ తలెత్తడం లేదు.

మధ్యాహ్నానికి కోడలు రెండు కాలర్లు తిరగేసి కుట్టింది. "కళ్ళు నెత్తికెక్కాయా? పరువు తీస్తున్నావు కదే!" అని అత్త గసిరింది. కోడలు చటుక్కున లేచి నిలబడింది.

"వాన పడుతోంది అత్తయ్యా! దండెం మీద బట్టలున్నాయి, తడిసిపోతాయి."

పక్కవాళ్ళు ఫక్కున నవ్వారు. పని ఎగ్గొట్టడానికి వేషాలనుకుని, కూర్చోబెడదామని అత్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది. తామందరూ చెమటతో తడిసి ముద్దయితే, ఈ పిల్ల ఒంటి మీద చుక్క చెమట లేదు. అంతలోనే పిల్ల మిషన్ మీదికి ఒరిగి, అక్కణ్ణుంచి నేలకు జారిపోయింది.

"అమ్మో, నా కోడలు!" అత్త సీసా మూత ఊడబెరికి పిల్ల నోట్లో పొయ్యబోయింది.

"వద్దు అత్తా! తెలివిలేనప్పుడు పోస్తే పొలమారి ఊపిరాడదు. ఒంటి మీద పొయ్యి!" గుండీలామె ఆవిడ చెయ్యి పట్టి ఆపింది.

తలా ఒక సీసా కుమ్మరించారు. ఒకరు ఫ్యాన్ వేశారు, ఒకరు అట్టముక్కతో విసిరారు. పిల్ల కళ్ళు తెరవలేదు.

యజమాని వచ్చి చూసి, "కాసేపు పడుకుంటే సర్దుకుంటుందిలే. మీరు కానివ్వండి, లారీ వచ్చేస్తుంది" అన్నాడు.

ఏనాడూ అతని ముందు గొంతెత్తని ఒంటె అత్త విరుచుకుపడింది. "ఆటో పిలుస్తావా, నడిరోడ్డు మీద పడి అరవమంటావా?"

అతను ఫోన్ తీశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లను లోపలికి తీసుకెళ్ళింది. అత్త బయటే ఉండిపోయింది. కొడుకుకు ఏం చెప్పాలి? ఆ పిల్ల కన్నతల్లికి ఏ మొహం చూపించాలి? చాలాసేపటికి డాక్టరమ్మ బయటకొచ్చింది.

"వడదెబ్బ. ప్రాణం దక్కింది. ఇంకాస్త ఆలస్యమైతే నేను కూడా ఏమీ చెయ్యగలిగేదాన్ని కాదు. ఇంత ఎండలో ఆ అమ్మాయి పొద్దుటినుంచీ నీళ్ళు ముట్టినట్టు లేదు. ఎవరు వద్దన్నారు?"

"నేనేనమ్మా" అంది ఒంటె అత్త.

లోపల మంచం మీద కోడలు అప్పుడే కళ్ళు తెరిచింది. అత్తను గుర్తుపట్టి, దగ్గరకు రమ్మని, ఎవరూ వినకుండా అడిగింది: "బాత్‌రూమ్‌కి వెళ్ళాలి అత్తయ్యా. ఇక్కడ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

అంతవరకూ బిగబట్టుకున్న ఒంటె అత్త భోరుమంది.

మర్నాడు ఆవిడ షెడ్డుకు వచ్చి మిషన్ దగ్గరకు పోలేదు. నేరుగా యజమాని గదిలోకి నడిచి మేకు మీద చెయ్యి వేసింది. అలవాటు చొప్పున అతను "మళ్ళీనా?" అనేశాడు.

"మళ్ళీనే బాబూ. మళ్ళీ మళ్ళీ."

ఆవిడ తాళంచెవి తీసుకెళ్ళి మరుగుదొడ్డి తలుపు బార్లా తెరిచింది. తాళాన్ని తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. షెడ్డులో ఒక్కొక్క మిషనే ఆగిపోయింది. గుండీలామె అందరికన్నా ముందు లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది, వెనకే మిగిలినవాళ్ళూ వచ్చారు. యజమాని వాళ్ళవైపు చూశాడు, తాళం వైపు చూశాడు. దాన్ని తీసి సొరుగులో పడేసి తల దించుకున్నాడు.

ఒంటె అత్త ఆడవాళ్ళ వైపు తిరిగింది. "ఇకమీదట నన్నెవరూ ఒంటె అనకండమ్మా. నేను మనిషిని, నాకూ దాహం వేస్తుంది. దాహం చంపుకోవడం గొప్ప అనుకుని, ఆ గొప్ప నా కోడలికీ నేర్పి, పిల్లను చేజేతులా చంపుకోబోయాను. మనిషి దాహానికి తాళం వేసే హక్కు ఎవడికీ లేదు, వేస్తే సర్దుకుపొమ్మని పిల్లలకు నేర్పే హక్కు మనకూ లేదు!"