బలపరిచేవారెవరు?

అణకువకూ భయానికీ తేడా ఎక్కడుందో రాకేల్‌కి ఇరవై ఆరేళ్ళుగా తేలలేదు. నోరు మూసుకుని ఊరుకున్న ప్రతిసారీ తనలో ఉన్నది దేవుడు మెచ్చే వినయమా, మొగుడికి జడిసిన పిరికితనమా? చర్చిలో కిటికీ పక్క బల్ల మీద కూర్చుని ఎన్ని ఆదివారాలు దేవుణ్ణి అడిగిందో. ఒకసారి ఆ ప్రశ్నని పాస్టరు దగ్గరికి నోటిదాకా తెచ్చుకుంది. ఆయన చెయ్యి కలిపి, "నీలాంటి నెమ్మదైన ఇల్లాలు దొరకడం ఓస్మో అదృష్టమమ్మా" అనేసరికి మింగేసింది.

ఇప్పుడు కూడా ఆ ప్రశ్న గొంతులోనే ఉంది. చేతులు మాత్రం పెద్ద కాఫీ కెటిల్లో పొడి వేస్తున్నాయి. పద్నాలుగు చెంచాలు వేసిందో, పదిహేను వేసిందో లెక్క తప్పింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. ఏటా మార్చిలో ఊరివాళ్ళు పెట్టుకున్న గ్రామ సంఘం ఇంట్లో సర్వసభ్య సమావేశం జరుగుతుంది, ఏటా కాఫీ రాకేల్‌దే. యాలకుల రొట్టెలు ఇంట్లో చేసి తెస్తుంది, వెనక తలుపులోంచి వంటగదిలోకి వస్తుంది, కప్పులు కడిగి వెనక తలుపులోంచే వెళ్ళిపోతుంది. ముందు గుమ్మం దగ్గర హాజరు కాగితం ఉంటుందని తెలుసు. దాని మీద తన పేరు ఏనాడూ లేదు. సభ్యత్వం మాత్రం పెళ్ళికాక ముందు నుంచీ ఉంది.

వంటగదికీ హాలుకీ మధ్య వడ్డించే చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూస్తే వేదిక, అధ్యక్షుడి బల్ల, దాని వెనక అధ్యక్షుడిగా కూర్చున్న మొగుడు ఓస్మో, అన్నీ కనిపిస్తాయి. పొద్దున ఓస్మో బూట్లు తొడుక్కుంటూ అన్నాడు: "కాఫీ కాస్త ముందే పెట్టెయ్. పెద్ద పనేం లేదు. పది నిమిషాల్లో తేల్చేస్తాం."

తేల్చేది సంఘం ఇంటి సంగతే. తాతలు తలా ఇన్ని దుంగలు మోసుకొచ్చి, ఆదివారాల విశ్రాంతి మానుకుని కట్టిన ఇల్లు. ఊరి నాటకాలూ పాటలూ ఇక్కడే. తాతల కాలం నాటి అంతర్యుద్ధంలో ఒకరినొకరు కాల్చుకున్న కుటుంబాల పిల్లలు మళ్ళీ ఒక్కచోట కూర్చున్నది ఈ హాల్లోనే అని రాకేల్ నాయనమ్మ చెప్పేది. వెనక గదిలో మగ్గాలున్నాయి. ఇప్పుడు దీన్ని ఓస్మో బాబాయి కొడుకు ఆర్వోకి, యంత్రాలు పెట్టుకునే గోదాముగా వాడుకోవడానికి, అమ్మేద్దామని కార్యవర్గం నిర్ణయం. ఆర్వోకి రంపపు మిల్లుంది. హాల్లో కూర్చున్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఆ మిల్లులో పనిచేసేవాళ్ళే. అందుకే ఇవాళ హాల్లో దగ్గు కూడా నెమ్మదిగా వినిపిస్తోంది.

రెండో వరసలో సైమి కూర్చుంది. ఎనభై రెండేళ్ళు, చేతికర్ర, పక్క కుర్చీ మీద నల్ల చేతిసంచి. ఏటా అంతే. ఎంత జనం ఉన్నా ఆ కుర్చీ ఎవరికీ ఇవ్వదు. "సంచికి కూడా ఓటుందా సైమీ?" అని మగవాళ్ళు ఏడిపిస్తారు. "మీలో కొందరికంటే దానికే బుర్ర ఎక్కువ" అంటుంది.

సైమిని చూసినప్పుడల్లా రాకేల్‌కి తను ఇచ్చి తప్పిన మాట గుర్తొస్తుంది. ఇరవై ఆరేళ్ళ కిందట మగవాళ్ళు మగ్గాల గదిలో బిలియర్డ్స్ బల్ల వేసుకుని, మగ్గాల్ని అటక మీదికి ఎక్కిస్తామన్నారు. అటక మీద చలికి వేళ్ళు కొయ్యబారిపోతాయి, ఎవరూ నేయలేరు. ముందురోజు ఈ వంటగదిలోనే రాకేల్ సైమి చెయ్యి పట్టుకుంది. "వద్దని నువ్వు చెప్పు పిన్నీ, నేను బలపరుస్తాను" అంది. సంఘం నియమం అది. ఎవరైనా ప్రతిపాదించవచ్చు, కానీ ఇంకొక్కరు బలపరచకపోతే ఓటు దాకా రాదు, అక్కడికక్కడే పడిపోతుంది. మర్నాడు సైమి లేచి చెప్పింది. బలపరిచేవారెవరని అప్పటి అధ్యక్షుడు అడిగాడు. వడ్డించే కిటికీ దగ్గర నిలబడి రాకేల్ నోరు తెరిచింది కూడా. అత్తగారు పక్కనుంచి, "మన ఇంటి కోడళ్ళు పొయ్యి దగ్గర కనిపిస్తారు గానీ సభల్లో వినిపించరమ్మా" అని చిన్నగా, నవ్వుతూనే అంది. ప్రతిపాదన పడిపోయిందని అధ్యక్షుడి సుత్తి బల్ల మీద పడింది. ఆ చలికాలంతో నేతగత్తెల బృందం చెదిరిపోయింది. సైమి ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

మూడేళ్ళ కిందట ఊరి చివర శరణార్థుల శిబిరం పెట్టాక, అక్కడినుంచి హనాన్ అనే ఆవిడ వచ్చి మగ్గం గురించి అడిగింది. ఆమె, సైమి కలిసి మగ్గాల్ని ముక్కలుగా విప్పి కిందికి దింపుకున్నారు. అప్పటినుంచి మంగళవారాలు మళ్ళీ ఆడవాళ్ళు వస్తున్నారు. హాల్లో పరవడానికి పాత బట్టల పేలికలతో ఒక పొడుగు తివాచీ మొదలుపెట్టారు. నియమం ఒక్కటే: వచ్చినవాళ్ళు తలా జానెడు నేయాలి, ఎవరికి నచ్చిన రంగు వాళ్ళది, పక్కవాళ్ళ నేత ఇంకొకరు విప్పడానికి వీల్లేదు. హనాన్ ఎర్రగా, ముడులు ముడులుగా నేసింది. "నీ ముడులతో మా మగ్గం పళ్ళూడిపోతాయే" అంది సైమి. "దానికి పళ్ళెప్పుడున్నాయి, నీకున్నట్టే!" అంది హనాన్ వచ్చీరాని భాషలో. రాకేల్ ముప్పై ఏళ్ళలో అంతలా నవ్వలేదు. తను నేసిన జానెడు బూడిదరంగు, అంచున సన్నటి పసుపు గీత. పేలికలు ఓస్మో పాత చొక్కాలవి. ఉతికిన చొక్కా, ఇస్త్రీ చేసిన చొక్కా, కుట్టిన గుండీ ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు. పేలికలయ్యాక మాత్రం ఎవరో వంగి చూసి, "ఇదెవరు నేశారు?" అని అడిగారు. తివాచీ హాల్లో పరిచాక ఓస్మో చూసి, "బాగుంది. నా చొక్కాల మీద జనం బూట్లేసుకుని తిరుగుతున్నారన్నమాట" అన్నాడు.

ఓస్మో చెయ్యెత్తే మనిషి కాదు. కోపమొస్తే మాట మానేస్తాడు. కంచం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి తింటాడు. ఒక ఏడాది ఈస్టరుకు ముందు మొదలైన మౌనం నదిలో మంచు విరిగిపోయేదాకా, వారాల తరబడి సాగింది. ఆ రోజుల్లో రాకేల్ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా కడిగింది. ఇవాళ పొయ్యి ముందు నిలబడి ఆమెకు గుర్తొస్తున్నది ఆ నీళ్ళ చప్పుడే.

హాల్లో ఓస్మో అమ్మకం తీర్మానం చదవడం ముగించాడు. "అభ్యంతరాలేమైనా?"

కర్ర నేలకు తగిలిన చప్పుడు. సైమి లేచింది. "అమ్మొద్దు. మగ్గాల వాళ్ళం మేం నడుపుకుంటాం. శిబిరంలో ఉన్నవాళ్ళకి కూడా సభ్యత్వం ఇవ్వండి. నా ప్రతిపాదన ఇదే."

వెనక గోడ దగ్గర హనాన్ నిలబడి ఉంది. సభ్యురాలు కాదు కాబట్టి మాట్లాడటానికి వీల్లేదు. రెండు చేతులూ గట్టిగా కట్టుకుని ఉంది.

"బలపరిచేవారెవరు?" అన్నాడు ఓస్మో, సుత్తి చేతిలోకి తీసుకుంటూ.

అందరూ తమ బూట్లకేసి చూసుకున్నారు. మొదటి వరసలో ఆర్వో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. దేవుడా, నాకు అణకువ ఇచ్చావు కదా, ఇది అదేనా? చెప్పు, అదే అయితే ఊరుకుంటాను. కెటిల్ మరుగుతోంది. తన మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆమె ఎప్పుడు ప్రార్థించినా మోకాళ్ళు ఇలా వణకలేదు. అప్పుడు తెలిసింది, ఇది అణకువ కాదు, భయమని.

"నేను బలపరుస్తున్నాను."

గొంతు చిన్న కిటికీలోంచి కీచుగా వచ్చింది. తలలు తిరిగాయి. ఎవరో నవ్వారు. "కాఫీని బలపరుస్తోందేమోరా!"

ఓస్మో ఆమెకేసి చూడలేదు. "రాకేల్, కెటిల్ సంగతి చూడు. వంటగదిలో ఉన్నవాళ్ళు సభలో ఉన్నట్టు కాదు." సుత్తి పైకెత్తాడు.

"ఆగు" అంది సైమి. "మనిషి నడిచి రావడానికి ఎంతసేపు? ఇంతకంటే ఎక్కువే ఆగాను నేను."

రాకేల్ ఏప్రన్ ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయింది. దాంతోనే నడిచింది. వంటగది తలుపు, నడవా, ముందు గుమ్మం. అక్కడ బల్ల మీద హాజరు కాగితం. పేరు రాస్తుంటే పెన్ను కాగితాన్ని చింపింది. హాల్లోకి వచ్చింది. తివాచీ మీద ఎవరెవరి జానెళ్ళో దాటుకుంటూ వచ్చి, తన పసుపు గీత దగ్గర ఆగింది.

"సైమి పిన్ని ప్రతిపాదనని నేను బలపరుస్తున్నాను."

ఓస్మో మొదటిసారి తలెత్తాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. రాత్రి భోజనం కిటికీ దగ్గరే, రేపూ కిటికీ దగ్గరే, ఎన్ని వారాలో. భయం ఏమాత్రం తగ్గలేదు. భయంతోపాటే నిలబడింది. కార్యదర్శి కలం పట్టుకుని అధ్యక్షుడి కోసం చూస్తున్నాడు. నియమం నియమమే. ఓస్మో సుత్తిని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"ప్రతిపాదనకు బలం ఉంది. ఓటుకు పెడుతున్నాం."

వంటగదిలో కాఫీ పొంగి పొయ్యి మీద చుయ్యిమంది. ఎవరూ లేవలేదు.

సైమి కుర్చీ మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఖాళీ అయిన కుర్చీని కర్రతో కాస్త ముందుకు జరిపింది.

"రా అమ్మాయ్, కూర్చో. మనకు చెల్లు."