అది మా పచ్చ కాదు

నేను ఒక ప్రోటీన్‌ను. ఆ మాట వినగానే మీకు పప్పుగిన్నె, కోడిగుడ్డు గుర్తొస్తాయి. నేను తినే సరుకును కాను, గుమ్మాన్ని. తమలపాకు లోపల కంటికి ఆనని పచ్చటి రేణువులు ఉంటాయి. హరితరేణువులంటారు. ఎండను పట్టి ఆకుకు అన్నం వండేవి అవే. ఆకు పచ్చగా కనబడేది కూడా వాటి వల్లే. అలాంటి ఒక్కో వంటింటి చుట్టూ రెండు పొరల గోడ. అందులో బయటి పొరలో ఇరుక్కుని ఉన్నదాన్ని నేను.

నేను ఆ ఇంట్లో పుట్టలేదు. బయటెక్కడో తయారై వచ్చి, గోడలో దూరాను. దూరాక మళ్లీ కదిలింది లేదు. లోపలికి పోయే ప్రోటీన్లకు చాలామందికి దారి నేనే. తలకు గుర్తు ఉందో లేదో చూసి, మడతలు విప్పించి, సూదిలోకి దారం ఎక్కించినట్టు ఒక్కొక్కరినే పంపుతాను. వాళ్లు లోపల వెలుగు చూస్తారు, వంట చేస్తారు. నేను లోపలికీ పోలేను, బయటికీ రాలేను. పండగపూట గడపకు పసుపు రాసే మనుషులు ఏనాడైనా గడపను లోపలికొచ్చి కూర్చోమన్నారా?

మా తీగ అవిసె చెట్టును పట్టుకుని పెరిగింది. గోరుతో తుంచారు, నీళ్లు చల్లారు, కట్ట కట్టారు. మనుషుల సంగతి నాకు కట్టలోనే తెలిసింది. మాట ఇచ్చేటప్పుడు చేతిలో తమలపాకు ఉండాలట. మాట తప్పేటప్పుడు మాత్రం మాకు కబురే పెట్టరు.

మా కట్టను రత్తమ్మ తాంబూలానికని కొనలేదు. ఆమె కూతురు నాంచారి పుట్టింట్లో పురుడు పోసుకుంది. పిల్లాడికింకా పేరు పెట్టలేదు. పొట్ట ఉబ్బి, పాలు కక్కుతున్నాడు. ఆకుకు ఆముదం రాసి, దీపం మీద కాస్త వెచ్చచేసి, పొట్టకు వేస్తే గాలి కిందికి పోతుందని రత్తమ్మ నమ్మకం. అలా నేను ఆ పురిటి గదిలోకి వచ్చాను. గుమ్మానికి వేపమండ, గడప మీద పాత కత్తిపీట. పురిటి స్నానం రోజు దాకా బాలింత ఆ గడప దాటకూడదు. కిటికీకి గోనెపట్టా. సాంబ్రాణి పొగ. నాంచారిని చూడగానే నా చుట్టం కనబడినట్టయింది.

సెగకు మా ఆకు వాడింది గానీ చావలేదు. పిల్లాడి పొట్ట మీద పడుకున్నాను. నున్నగా, బిగుతుగా, ఊదిన బుడగలా ఉంది. పాలు లోపలికి పోతున్నాయి, కిందికి ఏదీ రావడం లేదు. ఆ అవస్థ నాకు తెలియనిది కాదు.

మధ్యాహ్నం పిల్లాడు మళ్లీ కక్కాడు. ఈసారి తెలుపు కాదు. నాంచారి పాత చీరముక్కతో మూతి తుడిచి, ఆ ముక్కను చూస్తూ ఉండిపోయింది.

రత్తమ్మ వంగి చూసి ఊపిరి పీల్చుకుంది. "ఆకు పసరే. పొద్దున నేనే రెండు చుక్కలు నాకించాను. అదే బయటికొస్తంది. ఇంక తేలికపడతాడు."

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని. ఆ పచ్చ ఎవరిదో నాకు తెలియదు, మాది మాత్రం కాదు. పుట్టిందగ్గర్నుంచీ మా ఇంటి పచ్చను కాపలా కాసినదాన్ని, నాకు తెలియదా? గోడలో ఇరుక్కున్నదాని మాట ఎవరు వింటారు.

పసరు ఇంత ఎక్కువ వస్తుందా అని నాంచారి అడిగింది. రత్తమ్మ నవ్వింది. "ఎనిమిదితో బడి మానిపించాం కాబట్టి సరిపోయింది. లేకపోతే డాక్టరమ్మవయ్యి నాకే మందులు రాసేదానివి."

నాంచారి నవ్వలేదు. పిల్లాడి పొట్ట మీది ఆకు అంచు నుంచి చిన్న ముక్క తుంచింది. నేను ఉన్న వైపు కాదు, పక్క వైపు. ఆ ముక్కను చీరగుడ్డ మీద, కక్కిన మరక పక్కనే, బొటనవేలితో నలిపింది. మా ఇరుగుపొరుగు ఎందరో అక్కడే నలిగిపోయారు. నేను చెప్పలేని మాట వాళ్లు చెప్పారు. కక్కిన మరక ముదురు పచ్చ, నలుపు తిరిగింది. వాడిన మా ఆకుది గంజిలో పసుపు కలిపినట్టు వెలిసిన పచ్చ.

"ఇది ఆకు పచ్చ కాదమ్మా. చూడు."

రత్తమ్మ చూసింది. చూసి కూడా, సాయంత్రం దాకా ఆగుదామంది. గడప దాటితే తల్లికీ బిడ్డకూ గాలి సోకుతుందంది, కావాలంటే తానే పిల్లాణ్ణి తీసుకెళ్తానంది. నాంచారి అప్పటికే పిల్లాణ్ణి దుప్పట్లో చుట్టేసింది.

"పాలకి ఏడిస్తే నువ్విస్తావా?" అంది. కత్తిపీటను కాలితో పక్కకు నెట్టి, గడప దాటింది. గుమ్మాన్ని నేను. దాటిన కాళ్లు నాకు తెలుసు. ఆ కాళ్లు ఆగలేదు.

పక్కింటి ఆటో ఏసుబాబు తడబడి, బాలింతవి నువ్వెక్కడికమ్మాయ్ అన్నాడు. "ముందు తియ్యి బావా" అంది నాంచారి. దుప్పటి లోపల, పొట్టకు అంటుకుని, నేనూ వెళ్లాను.

పేగు మెలిపడిందన్నారు ఆస్పత్రిలో. ఆ పచ్చ పిల్లాడి లోపలి పైత్యరసమట. కోయాలన్నారు. నర్సమ్మ నన్ను ఒలిచి ట్రేలో పడేసింది. నాంచారి ఎందుకు తీసిందో ఆమెకే తెలియాలి, ఆ ఆకును పిల్లాడి బట్టల సంచిలో పెట్టుకుంది.

సంచిలో చీకటి. ఎండ లేకపోతే వంటా లేదు, వచ్చేవాళ్లూ లేరు. మా ఆకు పండబారింది. పండిన ఆకులో మాకొక పద్ధతి ఉంది. పనికిరాని గుమ్మానికి ముద్ర వేసి, గోడలోంచి పీకి, ముక్కలు చేస్తారు. ఒకనాడు నా మీదా ముద్ర పడింది. బయటపడాలని బతుకంతా అనుకున్నాను. దారి ముక్కలుగా ఉంటుందని అనుకోలేదు.

పిల్లాడి కోత మానుతున్నా పేగు కదలలేదని, అది కదిలేదాకా ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. వార్డులోకి ఒక్కరినే రానిస్తారు. రత్తమ్మ రోజూ వచ్చి, తలుపు బయటే నిలబడి, లోపలికి తొంగిచూసి పోయేది. ఈసారి గడప అవతల ఉన్నది ఆమె.

ఒక పొద్దున నాంచారి గుడ్డ కోసం గబగబా సంచి తెరిచింది. వెలుగు పడింది. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో పోల్చుకోలేకపోయాను. పిల్లాడి కింది నుంచి తీసిన తడి గుడ్డ పట్టుకుని తలుపు దాకా వెళ్లింది.

"ఇదేం రంగో చెప్పమ్మా."

రత్తమ్మ గుడ్డను వెలుగుకేసి తిప్పి, చాలాసేపు చూసింది. ఈసారి తొందరపడలేదు.

"పసుపే" అంది. "ఇటియ్యి, ఉతుక్కొస్తాను."

సంచి మూయడం నాంచారి మరిచిపోయింది. నన్ను గోడలోంచి లాగుతున్నారు. మా ఆకు కూడా అదే రంగులో ఉంది.