మొదటి కాన్పు అని రాయించిన కార్డు

తడిపిన తునికాకు మీద రేకుముక్క పెట్టి, దాని చుట్టూ కత్తెర తిప్పి, తెగిన ముక్కను చాటలో వేయాలి. మళ్లీ ఆకు, మళ్లీ రేకు. పొద్దున్నుంచి అనిల అదే చేస్తున్నది. ఆరో నెల పొట్ట అడ్డం వస్తుంటే చాటను మోకాళ్ల దాకా జరిపింది. జరిపితే వంగాలి, వంగితే నడుము పట్టేస్తుంది. తంబాకు ఘాటుకు ముక్కులో నుంచి నీళ్లు కారుతుంటే మోచేతితో తుడుచుకున్నది. వేళ్లతో తుడుచుకునే వీలు లేదు.

"జల్ది కానియ్యే. దవాఖానాకు పొయ్యే వరకు రెండు కట్టలన్న పడాలె," అన్నది అత్త భూమక్క గడపలో కూర్చొని. "మేం గిట్లనే మూలిగినమా? నాట్లేసుకుంటనే నొప్పులు తెచ్చుకున్నం."

బీడీ కార్ఖానా కార్డు భూమక్క పేరు మీద ఉంది. ఆమె వేళ్లు వంకరపోయి చాలా ఏళ్లయింది. అనిల కోడలుగా వచ్చిన వారం నుంచి బీడీలు కోడలివి, పేరు అత్తది. వాడకట్టులో ఎవరైనా "భూమక్క బీడీ ఎంత నున్నగుంటదో" అంటే భూమక్క ముఖం వెలిగిపోతుంది. అనిల తల వంచుకొని దారం చుడుతుంది.

రెండేళ్ల కిందట కూడా ఆమె ఇలాగే పొట్టను చాటకు ఒరిపి కూర్చున్నది. అప్పుడు కామారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖానాలో చూపించుకునేవారు. ఏడో నెలలో ఒకరోజు కడుపులో కదలిక ఆగిపోయింది. బిడ్డ ఏడవకుండానే పుట్టింది. భూమక్క గబగబా వచ్చి కొంగుతో కోడలి కళ్లు మూసింది. "సూడకు బిడ్డా, సూస్తే మర్సిపోలేవు," అన్నది. ఆ గొంతులో వణుకు ఉంది. కొంగు సందులో నుంచి అనిలకు కనిపించింది ఒక్కటే: తువ్వాల మడతల్లో, తడిగా, ఒత్తుగా నల్లటి జుట్టు. మామ ఎంకయ్య ఆ తువ్వాలను ఎత్తుకొని వెళ్లిపోయాడు.

మూడోనాడు పాలు వచ్చాయి. భూమక్క పాత చీర చింపి రొమ్ములకు గట్టిగా కట్టింది. పన్నెండో రోజున చాట తెచ్చి ముందు పెట్టింది. పచ్చి ఒళ్లు ఇంకా ఆరలేదని అనిల గోడకు ఒరిగితే, "బిడ్డనే లేకపాయె, నువ్వు బాలింతవెట్లయితవ్?" అన్నది. కోపంతో కాదు. ఉన్న సంగతి చెప్తున్నట్టు అన్నది. 

కామారెడ్డి దవాఖానా వాళ్లిచ్చిన కార్డు పొయ్యిలోకి పోయింది. మళ్లీ నెల తప్పినప్పుడు భూమక్క ఆమెను కామారెడ్డి వైపే పోనియ్యలేదు. ఎల్లారెడ్డి ఊళ్లో ఉన్న సర్కారు దవాఖానాకు తీసుకుపోతూ ఆటోలోనే చెప్పింది. "పాతది ఎత్తకు. పేరెత్తితే మళ్ల గదే తొవ్వ పడుతది. గిప్పుడు పుట్టేదే మనకు మొదటిది." అక్కడ అడిగిన వాళ్లకు తనే చెప్పి రాయించింది, మొదటి కాన్పు అని. ఐదో నెలలో మొదటి చూలాలికి చేసినట్టే పసుపు రాసి, ఆకుపచ్చ గాజులు తొడిగారు. అనిల నవ్వాల్సిన చోట నవ్వింది. పుట్టినూరు రామారెడ్డి నుంచి అన్నా వదినలు వచ్చి తిని పోయారు. తల్లి ఉంటే ఆ నవ్వును పట్టేసేది. కానీ ఆమె అనిల ఇంటర్ చదివేటప్పుడే పోయింది.

భర్త భీమేష్ మూడో నెలలో మస్కట్ వెళ్లాడు. చెడ్డవాడు కాదు. వెళ్లే ముందురోజు, బట్టలారేసే తీగను ఆమె చేతులెత్తకుండా అందేంత కిందికి దించి కట్టి పోయాడు. ఆ తీగను ముట్టినప్పుడల్లా అతను గుర్తొస్తాడు. కానీ మాట్లాడదామంటే ఫోను భూమక్క తొడ మీద ఉంటుంది, స్పీకర్ పెట్టి. "మంచిగున్నవా?" అంటాడు. "మంచిగనే ఉన్న," అంటుంది. ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి "నిద్ర పడ్తలేదు" అన్నది. "మా రూంల ఎనిమిదిమందిమి. నాకు పడ్తున్నదా నిద్ర? ఖాళీగ కూసుంటే ఆలోచనలే వస్తయి. అమ్మ చెప్పినట్టు ఇను," అని నవ్వాడు. భూమక్క కూడా నవ్వింది.

తిండి మన్ను తిన్నట్టే ఉంటుంది. కడుపులో బిడ్డ కదిలితే సంతోషం రాదు, ఇది ఎప్పుడు ఆగుతుందో అన్న భయమే. ఆగితే చాట పక్కకు పెట్టి, మళ్లీ కదిలేదాకా ఊపిరి బిగపట్టి కూర్చుంటుంది. బోరు దగ్గర బిందె నిండేదాకా నిలబడినప్పుడు, నేను లేకపోతే ఏమవుతుందని మనసు అడుగుతుంది. చాట ముందు ఇంకొకరు కూర్చుంటారు, అంతే. ఆ మాట అనుకున్నా ఒళ్లు జలదరించడం లేదు. మొదట్లో జలదరించేది. అది కూడా పోయిందే అని తెలిసిన రోజున బిందె అక్కడే వదిలి ఇంటికి వచ్చేసింది. నీళ్లు ఏవే అని తిట్లు తిన్నది.

ఇంట్లో ఆ బిడ్డ మాట ఎవరూ ఎత్తరు. ఒక్క ఎంకయ్య, అదీ నోటితో కాదు. ఒకరోజు మామకు సద్ది తీసుకుపోయినప్పుడు, చేను ఒడ్డున కానుగ చెట్టు దగ్గర ఆయన ఆగాడు. తల రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. కాసేపుండి మళ్లీ కట్టుకొని నడిచాడు. బిడ్డను పూడ్చింది అక్కడేనని ఆమెకు అర్థమైంది. ఆ నెలంతా అనిల ఆ ఒక్కదాన్ని పట్టుకొని బతికింది.

ఎల్లారెడ్డి దవాఖానాలో బల్ల మీద గర్భిణులు వరుసగా కూర్చున్నారు. నర్సు మెహక్ అత్తాకోడళ్లను తన టేబుల్ ముందు కూర్చోబెట్టి, అనిల బీపీ చూసి, ఒక కాయితం ముందుకు జరుపుకున్నది.

"రక్తం చూస్తం, బీపీ చూస్తం. మనసు కూడ చూడాలె కదా. గందుకే ఈ ప్రశ్నలు."

"మనసు సూసే మిషన్ గిట్ల వచ్చిందా ఏంది బిడ్డా?" అన్నది భూమక్క.

"మిషన్ లేదు అవ్వా, అడుగుడే. అనిలా, నిద్ర మంచిగ పడ్తున్నదా?"

"మస్తు పడ్తది. లేపితెనే లేస్తది," అన్నది భూమక్క.

"తిండి?"

"మేకలెక్క, ఎప్పుడు నోరాడుతనే ఉంటది."

"ఇంటాయన దగ్గరున్నడా?"

"మస్కట్ల ఉన్నడు. ఫోన్ల మాట్లాడుతడు కాదా."

"ఇంట్ల పని ఎవరు చేస్తరు?"

"ఏం పనున్నదమ్మా? నీడపట్టున కూసోని బీడీలు చేసుడే."

మెహక్ పెన్ను ఆపింది. "అవ్వా, కడుపుతోని ఉన్నది నువ్వా, ఆమెనా?"

బల్ల మీది ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. "దానికి సిగ్గు. నోరు లేవదు," అన్నది భూమక్క, తనూ నవ్వుతూ.

మెహక్ తన సీసాలోని నీళ్లు గ్లాసులో పోసి అనిల ముందు పెట్టింది. గ్లాసు అందుకున్న వేళ్ల మీది తంబాకు మరకలు చూసింది. కుర్చీని కొంచెం తిప్పి అనిలకు ఎదురుగా కూర్చున్నది.

"ఇంతకుముందు కడుపు పోవుడు గని, బిడ్డ పోవుడు గని అయ్యిందా? అట్లయినోళ్లకు మళ్ల కడుపొస్తే మనసు మీద బరువెక్కువుంటది. కాన్పు కూడ ముందునుంచే కనిపెట్టుకొని ఉండాలె. మాకు తెల్వకపోతే మేం ఏం చెయ్యలేం."

"లేదు లేదు. మొదటిదే. కార్డు మీద రాసున్నది సూడు," అన్నది భూమక్క. టేబుల్ కింద ఆమె చెయ్యి అనిల తొడను గట్టిగా పట్టుకున్నది.

మెహక్ పెన్ను 'లేదు' అన్న చోటికి వెళ్లింది. ఆ పెన్నునే చూస్తున్నది అనిల. పొయ్యిలో కాలిన కార్డు గుర్తొచ్చింది. ఇంకొక్క గీత పడితే ఆ తల, ఆ జుట్టు, ఆ కానుగ చెట్టు ఏవీ లేనట్టే. లోపల ఉన్నది కూడా రేపు అలాగే లేకుండా పోవచ్చు. తనూ పోవచ్చు. అడిగిన వాళ్లకు భూమక్క ఏదో ఒకటి రాయిస్తుంది. కడుపులో బిడ్డ చిన్నగా తన్నింది.

అనిల గ్లాసు పక్కన పెట్టి, కాయితం మీద తన చెయ్యి పెట్టింది.

"రాయకు అక్కా. ఇది రెండోది."

తొడ మీది గోళ్లు లోపలికి దిగాయి. "ఏందే, పిచ్చి గిట్ల లేసిందా?" అన్నది భూమక్క. కాయితం మీది చెయ్యి కదల్లేదు.

మెహక్ ఆ చేతిని జరపలేదు. పక్కనున్న కార్డు తీసి, మొదటి కాన్పు అన్న మాటను కొట్టేసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎవరు పుట్టిండ్రు?"

రెండేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"ఆడపిల్ల," అన్నది అనిల. "తల నిండ ఎంటికలుండె." గ్లాసు ఎత్తి ఖాళీ అయ్యేదాకా నీళ్లు తాగి, తొడ మీది అత్త చేతిని ఒక్కొక్క వేలూ విడిపించి ఆమె ఒడిలో పెట్టింది.

"ఇంక చెప్పేది మస్తున్నది అక్కా. మా అత్తను జర బయట కూసోమను."