మౌళి సర్ సొంత వాక్యం

బిలాస్‌పూర్‌లో ఉద్యోగ పరీక్షల ఇంగ్లీషు గట్టెక్కాలనుకునే వాళ్లందరికీ మౌళి సర్ తెలుసు. పగలు తెలిపారా బజారులో బట్టలకొట్టు పైన ఉన్న కోచింగ్ సెంటర్లో పాఠాలు, సాయంత్రం రైల్వే కాలనీలో తండ్రి క్వార్టర్ వెనకగదిలో యూట్యూబ్ లైవు. రోజుకో క్రియాపదం పట్టుకుని హిందీలో ఊదరగొట్టేవాడు. అసలు పేరు చంద్రమౌళి. ఆ పేరుతో పిలిచేది ఇంట్లోవాళ్లే, వాళ్ల ముందు అతను నోరెత్తడు గనక ఆ చంద్రమౌళి గురించి లోకానికి పెద్దగా తెలియదు.

ఝాన్సీకి మాత్రం ఇద్దరూ తెలుసు. అదే సెంటర్లో ఆమె లెక్కలు చెబుతుంది. సాయంత్రం లైవ్‌కి కెమెరా పెట్టేదీ, లైటు సర్దేదీ, వచ్చిన కామెంట్లు చదివి వినిపించేదీ ఆమే. ట్రైపాడ్ కూడా ఆమెదే. నాలుగేళ్లుగా వాళ్లిద్దరూ ప్రేమించుకుంటున్నారు. ఈ సంగతి సెంటర్లో అందరికీ తెలుసు, కింద బట్టలకొట్టు సేఠ్‌కి తెలుసు, వీధి మలుపులో గుప్‌చుప్ అనే పానీపూరీ బండివాడికి తెలుసు. తెలియనిది రెండిళ్లవాళ్లకే, అందులోనూ మౌళి తల్లి శాంతాదేవికి. ఆవిడ ఝాన్సీని కెమెరా పిల్ల అంటుంది. కొడుకు ఆవిడ ముందు ఝాన్సీని మేడమ్ అంటాడు.

అమ్మకి చెప్పడానికి మౌళికి మంచి సమయం దొరకాలి. మొదట్లో అమ్మకి బీపీ ఎక్కువగా ఉండేది. అది తగ్గేసరికి చెల్లెలు శ్వేత పెళ్లి వచ్చింది. పెళ్లయ్యాక, ఇల్లు బోసిపోయిందని అమ్మ దిగులు పడుతోంది, ఇప్పుడెలా చెప్పేదన్నాడు. ఈ ఏడు అధికమాసం. పైగా విజయనగరంలో ఉన్న తన తమ్ముడి కూతురు ప్రసూనని కోడలిగా తెచ్చుకోవాలని ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. ఆ ప్రసూన తనతో చదివినవాణ్ణి పెళ్లి చేసుకుంటానని ఇంట్లో కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసి, చేసుకుని, ఇప్పుడు పిల్లతల్లి కూడా అయింది. అయినా మౌళికి ఆ అడ్డు తొలగలేదు. అమ్మ మనసు నొచ్చుకుని ఉంది కదా, కొన్నాళ్లు ఆగుదామన్నాడు.

ఆగడం ఇక ఝాన్సీ చేతిలో లేదు. వాళ్లిల్లు అర్పా నదికి అవతల సర్కండాలో. తండ్రి బొగ్గు కంపెనీ ఉద్యోగం మీద కొత్తగూడెం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఆయన చూసిన సంబంధం వాళ్లు ఆదివారం రాయగఢ్ నుంచి వస్తున్నారు. ఆ లోపల మౌళి తల్లి చెవిన వేస్తే, ఝాన్సీ తన ఇంట్లో తలెత్తుకుని వద్దని చెప్పగలదు. వేయకపోతే ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? ఈ మాట సోమవారం చెప్పింది. “గురువారం పక్కా, యార్” అన్నాడు మౌళి.

గురువారం వచ్చింది. లైవు మొదలైంది. ఆ రోజు క్రియాపదం ‘అవౌ’ (avow), బాహాటంగా ఒప్పుకోవడం.

ఝాన్సీ కెమెరా వెనక నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడింది. ఆ మాటని ఎంచుకునే ముందు ఈ మనిషికి ఒక్కసారైనా గుండె జంకలేదా?

ఏమీ జంకలేదు. చొక్కా చేతులు మడిచి మహా హుషారుగా చెప్పాడు. “డిక్లేర్ ఎవరైనా చేస్తారు, విమానాశ్రయంలో పెట్టె చూపించి కూడా చేస్తారు. రాజు చాటింపు వేయిస్తే ప్రొక్లెయిమ్. మనసులో ఉన్నా లేకపోయినా పైకి గొప్పగా చెప్పుకుంటే ప్రొఫెస్. అవౌ అలా కాదు దోస్తో! తనకి నష్టం వస్తుందని తెలిసీ, నలుగురి ముందూ, తలెత్తి, ఇది నాది అని ఒప్పుకోవడం. అందులో దమ్ముంది!” అంటూ బల్ల గుద్దాడు. బల్ల మీది మంచినీళ్ల సీసా పడిపోయింది. కామెంట్లలో చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి.

అందరూ సొంత వాక్యాలు రాసి పంపాలన్నాడు. లింగియాడీహ్ నుంచి ఒకమ్మాయి, తను పోలీసు కావాలనుకుంటున్నట్టు తండ్రి ముందు అవౌ చేశానని రాసింది. “శాబాష్!” అన్నాడు. ఇంకెవరో సర్‌ని సొంత పేరుతో ఒక వాక్యం చెప్పమన్నారు. మౌళి కాస్త ఆలోచించి, కష్టపడితే ఫలితం ఉంటుందని చంద్రమౌళి అవౌ చేస్తున్నాడు అన్నాడు. అది చెప్పడంలో అతనికేం నష్టమో ఎవరూ అడగలేదు.

ఝాన్సీకి ఒళ్లు మండింది. తన ఫోన్లో వేరే పేరుతో ఒక ప్రశ్న కొట్టి, పైకి చదివింది. “సర్, ఒకడు ఒకమ్మాయిని ప్రేమించాడు. ఊరందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం చెప్పడు. అతనికి ఏ క్రియాపదం వాడాలి?”

మౌళి ఆమె వంక చూశాడు. తడబడి, పడిన సీసాని నిలబెట్టాడు. కానీ మాస్టారు మాస్టారే. క్షణంలో తేరుకుని, “అచ్ఛా, మంచి ప్రశ్న. అతనికి ‘ఇంటెండ్’ వాడాలి. అంటే ఉద్దేశం ఉండటం. రేపటి పాఠం అదే” అని నమస్కారం పెట్టేశాడు.

లైవు ఆగీ ఆగగానే శాంతాదేవి పకోడీల పళ్లెంతో వచ్చింది. “ఏటమ్మా, అయిపోనాదా మీ సినిమా? సల్లారిపోతాయి, తినండి. ఏటి సెప్పినావురా ఇయ్యాల, బల్లలు గుద్దేత్తన్నావు?”

“ఏమీ లేదమ్మా. ఉన్నది ఉన్నట్టు బయటపెట్టి చెప్పడం గురించి.”

“అలగా? అయితే నాకేటైనా సెప్పేదుందేట్రా?”

ఆవిడ అడిగిన తీరుకి ఝాన్సీ ఒళ్లంతా చెవులయింది. ఇంతకన్నా మంచి సమయం ఏ పంచాంగంలోనూ దొరకదు. మౌళి పకోడీ ఒకటి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలి, “ఉప్పు కొంచెం తక్కువైనట్టుందమ్మా” అన్నాడు.

ఇక ఝాన్సీయే నోరు విప్పింది. “ఆంటీ, ఆదివారం నన్ను చూడ్డానికి పెళ్లివాళ్లు వస్తున్నారు.”

శాంతాదేవి కొడుకు వంక చూసింది. ఝాన్సీ కూడా చూసింది. ఇద్దరాడవాళ్ల చూపులూ తన మీదే నిలిచేసరికి ఏదో ఒకటి అనక తప్పలేదు మౌళికి.

“అచ్ఛా! మంచి సంబంధమేనా మేడమ్?”

ఝాన్సీకి ముఖాన చెంబుడు నీళ్లు కొట్టినట్టయింది. ఏడుపు రాలేదు. నాలుగేళ్లు ఈ మనిషి కోసమా తను లైట్లు మోసింది అని సిగ్గేసింది.

శాంతాదేవి పళ్లెం బల్లమీద ఠక్కున పెట్టింది. “సిగ్గునేదేట్రా నీకు? నాకు తెల్దనుకున్నావేటి? ఎన్నాళ్లబట్టో సూత్తన్నాను. నీ నోట్నుంచి వొత్తాదేమోనని కాసుకోని కూకున్నాను. నాకీ పిల్ల నచ్చింది. మీ నాన్నతోటి నాను సెప్పుకుంటాను. ఇంకేటి గావాల?”

మౌళికి ప్రాణం లేచొచ్చింది. ముఖం వెలిగిపోయింది. కుర్చీలో వెనక్కి వాలి, రెండో పకోడీ తీసుకున్నాడు. “చూశావా ఝాన్సీ! నేనెప్పట్నుంచో అంటూనే ఉన్నా, అమ్మ తనే అర్థం చేసుకుంటుందని. నువ్వే ఊరికే తొందరపెట్టావు. ఇప్పుడు చూడు, నేను చెప్పే పనే లేకుండా పోయింది!”

ఝాన్సీ ట్రైపాడ్ కాళ్లు ఒక్కొక్కటే మడిచింది. లైటు విప్పి సంచీలో పెట్టుకుంది.

“అదేటమ్మా, ఎల్లిపోతన్నావు? టీ తాగి ఎల్లు. నాను ఒప్పీసుకున్నాను గదా” అంది శాంతాదేవి.

“మీరు ఒప్పుకున్నారు ఆంటీ, మీది మంచి మనసు. కానీ మీ అబ్బాయి ఇంకా నన్ను అడగనే లేదు.”

“అడిగినట్టే కదా యార్!” అన్నాడు మౌళి నోటినిండా పకోడీతో.

శాంతాదేవి కొడుకుని చూసి తల పట్టుకుంది. ఝాన్సీ ఆవిడకి దణ్ణం పెట్టి, గుమ్మం దాటింది.

కాలనీ గేటు దగ్గర సాయంత్రం రద్దీ. డ్యూటీ దిగి వచ్చేవాళ్లు, కూరల బండ్లు, సర్కండా సర్కండా అని అరిచే ఆటోలు. ఝాన్సీ నిండిన షేరాటోలో అంచున కూచుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, తల్లి నీలవేణికి ఫోను చేసింది.

“అమ్మా, ఆదివారం వాళ్లని రావద్దని నాన్నతో చెప్పించు. నేను నాలుగేళ్లు ఒకణ్ణి ప్రేమించినా. మాతో పనిచేసే మౌళినే. ఇయ్యాల వద్దనుకున్నా. ఇంకొకళ్ల ముందు ఇప్పుడే కూసోలేను. కొన్నాళ్లు నన్ను నా మానాన ఉండనియ్యండి.”

ఆటోలో తెలుగు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు.

“ఏడున్నవే నువ్వు? రోడ్డు మీదనా? మెల్లగ మాట్లాడవే, ఎవరన్న వింటరు!” అంది నీలవేణి కంగారుగా.

“విననియ్యమ్మా” అంది ఝాన్సీ. మొదటినుంచీ అంతా మళ్లీ చెప్పింది, ఇంకాస్త గట్టిగా.